కారు కొనేముందు ఎడమ కాలిని అడగండి

పోయిన నెల ఊరగాయల గురించి మాట్లాడిన మనిషి ఈ వేళ కార్ల గురించి మాట్లాడుతుందేమిటి అని నవ్వుకుంటున్నారేమో! నేను ఇంజనీరును కాను, మెకానిక్కునూ కాను. పదో తరగతి ప్యాసయి, ఆ మీదట పెళ్ళయి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై మూడేళ్ళుగా కాపురం చేస్తున్నదాన్ని. అయితే గేరు బండి కొనాలా, ఆటోమేటిక్ కొనాలా అన్న ప్రశ్న మా ఇంట్లో ఏడు నెలలు నలిగింది. ఆ ఏడు నెలల్లో నేను నేర్చుకున్న సంగతులు మీకూ పనికొస్తాయని వచ్చాను.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి.

మూడేళ్ళ కిందట కార్తీక మాసంలో, రాత్రి పదకొండు దాటాక, మా అత్తయ్యకు ఆయాసం వచ్చింది. మావారు పని మీద సూర్యాపేటలో ఉన్నారు. ఆసుపత్రి మా ఇంటికి కిలోమీటరు కూడా ఉండదు. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే నేనే తీసుకుపోతే నయం కదా, లైసెన్సు ఉంది కదా అనుకున్నాను. వాచ్‌మనూ, వాళ్ళబ్బాయీ అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టులో సెల్లారుకు దించారు. కారులో ఎక్కించారు. నేను స్టార్టు చేశాను.

మా వైపు అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకు సెల్లారు రాంపు గురించి నేను చెప్పక్కరలేదు. చైతన్యపురి కానివ్వండి, కొత్తపేట కానివ్వండి, సరూర్‌నగర్ కానివ్వండి, గోడ ఎక్కినట్టే ఉంటుంది. సగం ఎక్కేసరికి పైన ఎవరిదో స్కూటరు అడ్డం. ఆగాను. స్కూటరు తీశారు. మళ్ళీ కదలబోతే బండి బంద్ పడింది. రెండోసారి ఇంకాస్త గట్టిగా ఎక్సలేటరు తొక్కాను, క్లచ్ తొందరగా వదిలేశాను, మళ్ళీ బంద్. మూడోసారి బండి వెనక్కి జారి వెనక స్తంభానికి తగిలింది. వెనక సీట్లో అత్తయ్య ఒక్క మాట అనలేదు. ఆ ఆయాసం చప్పుడు ఒక్కటే వినపడుతోంది. నా చేతులు వణికిపోతున్నాయి. చివరకు మూడో అంతస్తు కుర్రాడు లుంగీ మీదనే పరుగెత్తుకొచ్చి, "ఆంటీ, మీరు పక్కకు జరగండి" అని తను నడిపాడు.

అత్తయ్యకు గండం గడిచింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు, నాలుగు రోజులుంచి పంపారు. కానీ ఆ రాత్రి తరువాత నేను కారు తాళం ముట్టుకోలేదు. దాదాపు ఏడాది పాటు! ఎవరైనా అడిగితే "కళ్ళు సరిగ్గా కనపడటం లేదండీ" అని చెప్పేదాన్ని. అబద్ధం.

నేను నలభై ఒకటో ఏట డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నదాన్ని. స్కూలు కారులో నేర్పే ఆయన కాళ్ళ దగ్గర కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి. నేను తడబడ్డప్పుడల్లా ఆయనే తొక్కేసేవాడు. ఇరవై రోజులు నేను నడిపానో, ఆయన నడిపాడో ఆ దేవుడికే తెలియాలి. ఇది నా ఒక్కదాని కథ కాదు. లైసెన్సు పర్సులో పెట్టుకుని కారు ఎక్కని ఆడవాళ్ళు మా అపార్టుమెంటులోనే నాతో కలిపి నలుగురున్నాం.

ఇంతకీ ఈ గేర్లూ, క్లచ్చూ ఎందుకు? ఇది తెలిస్తే సగం భయం పోతుంది. బండి కదలడానికి బలం కావాలి, వేగం అక్కరలేదు. కదిలాక వేగం కావాలి, అంత బలం అక్కరలేదు. ఇంజను శక్తిని ఇలా అటూ ఇటూ మార్చి ఇచ్చే పళ్ళ చక్రాలే గేర్లు. మరి తిరుగుతున్న ఇంజనుకు ఆగి ఉన్న చక్రాలను ఒక్కసారిగా తగిలిస్తే? మిక్సీ తిరుగుతుండగానే పైన జారు పెట్టబోతే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకని రెంటినీ కాస్సేపు విడదీసి, మెల్లగా కలపాలి. ఆ విడదీసి కలిపేదే క్లచ్. ఆ మెల్లగా కలపడం ఎడమ కాలి పని. చదును రోడ్డు మీద ఎవరికైనా వస్తుంది. ఎత్తు మీద మాత్రం క్లచ్ సగం వదిలి, అదే క్షణంలో బ్రేకు మీంచి కుడి కాలు తీసి ఎక్సలేటరు మీద వెయ్యాలి. మూడు పెడళ్ళు, రెండు కాళ్ళు!

కార్లు పుట్టినప్పటి నుంచీ ఈ చాకిరీని తగ్గిస్తూనే ఉన్నారు. పూర్వం కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిలు తిప్పితే గాని ఇంజను స్టార్టయ్యేది కాదు. అది ఎదురు తన్ని చేతులు విరిగేవి. 1912 లో అమెరికాలో కాడిలాక్ కారుకు కరెంటుతో స్టార్టయ్యే ఏర్పాటు పెట్టారు. ఆడవాళ్ళు సొంతంగా బండి తీయడానికి అది ఎంతో వీలు కల్పించింది. ఆ దేశంలోనే 1939 లో జనరల్ మోటార్స్ వాళ్ళు క్లచ్ పెడలు లేని గేరు పెట్టెను బయటికి తెచ్చారు. ఇవాళ అమెరికాలో గేరు బండి కనపడటమే అరుదు. మా ఆడపడుచు కొడుకు డల్లాస్‌లో పదేళ్ళుగా కారు నడుపుతున్నాడు. మొన్న పెళ్ళికి వచ్చి మా పాత బండి ఎక్కి, ఎడమ కాలు ఏం చెయ్యాలో తెలియక వీధి మలుపులోనే దిగిపోయాడు. బ్రిటనులో ఇంకో చిత్రం ఉంది. అక్కడ ఆటోమేటిక్ మీద పరీక్ష ప్యాసయినవాళ్ళకు గేరు బండి నడిపే హక్కు ఉండదు.

మన దేశంలో 1983 లో మారుతి 800 వచ్చి మధ్య తరగతి ఇళ్ళకు కారు చేరింది గాని, ఆటోమేటిక్ మాత్రం చాలా కాలం డబ్బున్నవాళ్ళ సరదాగానే ఉండిపోయింది. 2014 లో మారుతి సెలేరియో ఏఎంటీ అనే రకంతో వచ్చాక ధర మనకు అందుబాటులోకి దిగింది.

సరే, మా ఇంటి వాదన చెబుతాను. పాత కారు అమ్మేసి ఇంకొకటి కొందామని మావారు అన్నప్పుడు, "ఈసారి ఆటోమేటిక్ కొందామండీ" అన్నాను. నా మాట వినపడి అత్తయ్య వంటింట్లోంచే, "ఆటో కొనడమేమిటే! మనమేమన్నా సవారీలు తోలుకుంటామా?" అని కంగారు పడింది. ఆవిడకు నచ్చజెప్పడం తేలికయింది. మావారికే కష్టమయింది. "గేరు బండి వస్తేనే డ్రైవింగు వచ్చినట్టు. ఇంకో నెల ప్రాక్టీసు చెయ్యి, అదే వస్తుంది" అన్నారు. మా మరిది, "వదినా, మైలేజీ రాదు. చెడిపోతే బాగుచేసేవాడు దొరకడు. అమ్మబోతే ధర పలకదు" అన్నాడు. ఇద్దరూ నా మంచికే చెప్పారు. కాని ఆ కారు పగలంతా నడపవలసింది నేను. అత్తయ్యను నెలనెలా డాక్టరుకు చూపించాలి, మా అమ్మ వనస్థలిపురంలో ఒక్కతే ఉంటుంది. మావారు వారంలో నాలుగు రోజులు ఊళ్ళోనే ఉండరు. ఈ సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

నేను వాదించలేదు. గుప్పెడు చింతగింజలు తీసుకుని మావారి పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర నుంచి ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా, సాయంత్రం ఆరున్నర వేళ, ఆయన క్లచ్ తొక్కినప్పుడల్లా ఒక గింజ డబ్బాలో వేశాను. మెట్రో స్తంభాల పక్కన బస్సులు, షేర్ ఆటోలు, కోచింగు నుంచి వదిలిన పిల్లలు, కొత్తపేటలో రోడ్డు దాటే జనం. మీకు తెలిసిందే. మూడు నాలుగు కిలోమీటర్లకు డబ్బాలో 74 గింజలు పడ్డాయి. మావారు నమ్మలేదు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి అదే దారిలో వెళితే 13. హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డెక్కి చౌటుప్పల్ దాకా పోతే 9 గింజలే.

ఈ గింజలే మా ఇంట్లో తగవు తీర్చాయి. గేరు బండా, ఆటోమేటిక్కా అన్నది మగవాళ్ళ పౌరుషానికి సంబంధించిన ప్రశ్న కాదు. మీరు తిరిగే దారి ఏది, ఏ వేళప్పుడు తిరుగుతారు, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి అన్న ప్రశ్న. నెలలో ఇరవై రోజులు విజయవాడ రోడ్డు మీద తిరిగేవాళ్ళకు గేరు బండే చాలు, డబ్బు మిగులుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ మధ్యనే తిరిగే నా బోటిదానికి 74 గింజలు రోజుకు రెండుసార్లు! "మెట్రో ఉంది కదమ్మా" అంటారేమో. 2018 లో ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చినప్పటి నుంచీ ఈ రేడియో స్టేషనుకు నేను దాంట్లోనే వస్తున్నాను, అసెంబ్లీ స్టేషనులో దిగి. ఒంటరిగా వెళ్ళేటప్పుడు దాన్ని మించింది లేదు. ఆయాసం మనిషిని మెట్లెక్కించి తీసుకుపోవాలంటేనే కారు.

ఆటోమేటిక్ అంటే ఒకటే రకం అనుకునేరు. షోరూము కుర్రాళ్ళు ఇంగ్లీషు అక్షరాలు గడగడా చదివేస్తారు. నాకు అర్థమైనట్టు చెబుతాను. ఏఎంటీ అంటే మామూలు గేరు పెట్టే. క్లచ్ తొక్కి గేరు మార్చే పని మనకు బదులు ఒక చిన్న యంత్రం చేస్తుంది. రుబ్బురోలు పాతదే, రుబ్బడానికి మనిషిని పెట్టుకున్నట్టు. అందుకే చవక, మైలేజీ కూడా గేరు బండితో దాదాపు సమానం. మా మరిది చెప్పిన మైలేజీ భయం దీనికి వర్తించదు. కాకపోతే గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. సీవీటీలో పళ్ళ గేర్లే ఉండవు. కుట్టు మిషనుకు చక్రాలూ బెల్టూ ఉన్నట్టే రెండు కప్పీలు, మధ్య బెల్టు. కప్పీల వెడల్పు మారుతూ ఉంటుంది గనక కుదుపన్నదే తెలియదు. టార్క్ కన్వర్టర్ అన్నది నూనెలో ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్ల లాంటిది. ఒకటి తిరిగితే నూనె తోపుకు రెండోది తిరుగుతుంది. గట్టి రకం, కాస్త పెట్రోలు ఎక్కువ తాగొచ్చు. ఇంకొకటి రెండు క్లచ్‌ల రకం. దాని వేగం ఇష్టపడే కుర్రకారుకు బాగుంటుంది గాని, చీమల్లా పాకే ట్రాఫిక్‌లో దానిలో కొన్ని రకాలకు క్లచ్ వేడెక్కుతుంది. మన దారికి నేనైతే వద్దంటాను. కరెంటు కార్లకు అసలు క్లచ్చే లేదు. వాటి చార్జింగు సంగతి వేరే ప్రసంగం అవుతుంది.

డబ్బు మాట కూడా చెప్పాలి కదా. అదే కారులో గేరు రకానికీ ఏఎంటీకీ తేడా సుమారు అర లక్ష ఉంటుంది. మిగతా రకాలయితే లక్ష దాటుతుంది. ఆ అర లక్ష తక్కువేమీ కాదు. మావారు అదే అన్నారు. అప్పుడు పాత బండి క్లచ్ ప్లేటు అరిగిపోయి మార్పించిన బిల్లు తీసి చూపించాను. నేనే అరగదీశానని ఆయన, మీరే అరగదీశారని నేను. ఆ తగవు ఇప్పటికీ తేలలేదు. చివరకు కొత్తది కాకుండా మూడేళ్ళు వాడిన ఏఎంటీ చూద్దామని రాజీకి వచ్చాం.

ఇక్కడ ఒక్క విషయం మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. అమ్మేవాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కు ఎప్పుడూ ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీదకే తీసుకుపోతారు. అక్కడ ఏ కారైనా వెన్నలాగే పోతుంది. నేను మాత్రం, "బాబూ, ఈ కారును మా సెల్లారుకు తీసుకురావాలి" అన్నాను. ఆ అబ్బాయి వింతగా చూశాడు. మావారు కూడా వింతగానే చూశారు. తెచ్చాడు. రాంపు మధ్యలో ఆపి, బ్రేకు మీంచి కాలు తీసి ఎక్సలేటరు మీద పెట్టేలోగా బండి జానెడు వెనక్కి జారింది! నా గుండె ఆ రాత్రి జారినట్టే జారింది. ఆటోమేటిక్ అంటే ఎత్తు మీద దానంతటదే నిలబడుతుందని నేను అనుకున్నాను. అన్నీ నిలబడవు. హిల్ హోల్డ్ అనే ఏర్పాటు ఉన్న బండి అయితే, బ్రేకు వదిలాక కూడా రెండు క్షణాలు పట్టి ఉంచుతుంది. ఆ రెండు క్షణాలే నాకు కావలసింది. ఆ కారు వద్దని, ఆ ఏర్పాటు ఉన్నదాని కోసం ఇంకో నెల ఆగాం. హిల్ హోల్డ్ లేని బండి తీసుకున్నవాళ్ళు ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు వేసి, ఎక్సలేటరు కాస్త తొక్కి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దింపాలి. అంతేగాని ఎక్సలేటరుతో బండిని ఎత్తు మీద నిలబెట్టి ఉంచకూడదు, లోపలి క్లచ్ కాలిపోతుంది.

బండి ఇంటికొచ్చిన మొదటి వారం నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పేస్తాను. చైతన్యపురి దగ్గర ముందు బస్సు ఆగింది. అలవాటుగా ఎడమ కాలితో క్లచ్ అనుకుని గట్టిగా తొక్కాను. అక్కడ ఉన్నది బ్రేకు! కారు కొయ్యబారినట్టు ఆగిపోయింది. వెనక ఆటో వెంట్రుకవాసిలో తప్పింది. ఆటో అతను అన్న మాటలు రేడియోలో చెప్పేవి కావు. అందుకని గేరు బండి నుంచి మారేవాళ్ళు ఎడమ కాలును సీటు కిందకు వెనక్కి లాక్కుని కూర్చోండి. బ్రేకుకైనా, ఎక్సలేటరుకైనా కుడి కాలు ఒక్కటే. రెండు కాళ్ళూ వాడితే కంగారులో రెండూ ఒకేసారి నొక్కేస్తారు. స్టార్టు చేసేటప్పుడూ, గేరు పుల్లను ముందుకు గాని వెనక్కి గాని వేసేటప్పుడూ బ్రేకు మీద కాలు ఉండాలి. ఆటోమేటిక్ బండి బ్రేకు వదలగానే తనంతట తాను పాకుతుంది. పిల్లలు ముందు నిలబడి ఉంటారు, జాగ్రత్త. మన ఏఎంటీ కార్లలో చాలావాటికి పార్కింగు గేరు ఉండదు. దిగేముందు హ్యాండ్ బ్రేకు వెయ్యడం మరిచిపోతే రాంపు మీద బండి మిమ్మల్ని అడగకుండానే కిందకు వెళ్ళిపోతుంది.

గేరు బండి వాళ్ళను నేను తక్కువ చేయడం లేదు. మా కింది అంతస్తు పిన్నిగారు కోదాడ దగ్గర పొలం చూసుకుంటారు. నెలకు నాలుగైదుసార్లు వెళ్ళొస్తారు. ఆవిడ నా మాట విని ఆటోమేటిక్ కొనబోతే నేనే వద్దన్నాను. బ్యాటరీ దిగిపోతే గేరు బండిని నలుగురు తోసి స్టార్టు చేయొచ్చు, దారి పొడుగునా ఏ మెకానిక్కయినా దాని గేరు పెట్టె విప్పి చూడగలడు. ఆవిడ కాళ్ళు కూడా నా కాళ్ళ కంటే గట్టివి. మా అమ్మాయి డిగ్రీలో ఉంది. దాన్ని మాత్రం గేరు బండి మీదే నేర్చుకోమన్నాను, పద్ధెనిమిదేళ్ళ పిల్లకు ఎడమ కాలు చెప్పినట్టు వింటుంది. ఒకసారి వచ్చాక ఏ బండి అయినా ఎక్కగలదు. నలభై దాటాక మొదలుపెట్టి, భయపడి మానేసినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళను "ఇంకో నెల ప్రాక్టీసు చెయ్యి" అంటూ కూర్చోబెడితే ఆ నెల ఎన్నటికీ పూర్తి కాదు. నాకు పూర్తి కాలేదు.

మావారు మొదట్లో "ఇది బొమ్మ కారు" అనేవారు. ఇప్పుడు ఎల్.బి.నగర్ వైపు పని పడితే తాళం అడగకుండానే తీసుకుపోతున్నారు. నేను అత్తయ్యను డాక్టరుకు చూపించవలసిన మంగళవారాలు మాత్రం తాళాన్ని పోపుల డబ్బాలో దాస్తున్నాను. మొన్న మంగళవారం రాంపు సగంలో, పైన ఎవరో నీళ్ళ డబ్బాల బండి అడ్డం పెట్టారు. ఆపాను. అతను బండి తీశాడు. బ్రేకు వదిలి ఎక్సలేటరు తొక్కాను, కారు పైకి వచ్చేసింది. వెనక సీట్లో అత్తయ్య అప్పటిదాకా గట్టిగా పట్టుకున్న ముందు సీటు వదిలి, "ఏమే, వచ్చేశామా?" అంది.

"వచ్చేశాం అత్తయ్యా" అన్నాను.

ఉంటాను మరి. సెలవు.